బ్లేడు వెనకాల రేకు

గల్ఫ్‌లో పదకొండేళ్ళు వడ్రంగం కంపెనీలో పనిచేశానని చెబితే మా వీధిలో అందరూ నన్ను వడ్రంగి అనుకున్నారు. నేను దిద్దలేదు. నిజానికి అక్కడ నేను స్టోర్‌కీపర్ని. పొద్దున ఉలి ఇవ్వడం, సంతకం పెట్టించుకోవడం, సాయంత్రం ఉలి తీసుకోవడం, ఇదీ నా పనితనం. అక్కడ ఒక్క చెక్కా కోయలేదు. ఇక్కడికొచ్చాక కోసినవన్నీ కోతలే.

ఆ కోతలు నమ్మిన మొదటి మనిషి మా బావమరిది. అమలాపురంలో ఫర్నిచర్ షాపులో సేల్స్‌మన్. ఆదివారం మా చర్చిలో కీబోర్డు వాయిస్తాడు. అతని చెయ్యి పడితే పాట రాని ముసలమ్మ కూడా శ్రుతిలో పాడుతుంది. ఇద్దరం కలిసి తలుపులూ కిటికీలూ చేసే షెడ్డు పెడదామన్నాడు. మా ఆవిడ ఒక్కటే షరతు పెట్టింది.

"మీరేం చేసుకుంటారో చేసుకోండి. మా తమ్ముడి పది వేళ్ళూ మట్టుకు నాకు పదిగానే కావాలండి. ఒక్కటి తగ్గినా మిమ్మల్ని గుమ్మం ఎక్కనివ్వను."

"మరి నా వేళ్ళో?" అన్నాను.

"మీ వేళ్ళతో ఏం పనండీ? టీవీ రిమోటుకి ఒకటి చాలు."

రాజోలు అవతల మూతపడ్డ ఒక షెడ్డులో పాత టేబుల్ రంపం ఉందని తెలిసి వ్యాను మాట్లాడుకుని వెళ్ళాం. అమ్మే పెద్దాయన ముందు బొండాలు కొట్టించి ఇచ్చాడు. ఆయన కుడిచేతికి రెండు వేళ్ళు లేవు. మా చూపులు అక్కడే ఆగిపోవడం చూసి ఆయనే నవ్వేశాడు.

"దీని దగ్గరేనండి. పనిమంతురాలేనండి, కాపోతే కాస్త కోపం ఎక్కువ. బ్లేడుకి తిన్నగా నిలబడకండి. ఆ వెనకాల రేకు మట్టుకు ఎప్పుడూ తియ్యకండి."

"ఆయ్," అన్నాం ఇద్దరం.

బ్లేడు వెనకాల, దానికి రవ్వంత ఎడంగా, నిలువుగా నిలబెట్టిన ఉక్కు రేకు అది. కోసిన చెక్క రెండు పాయలూ మళ్ళీ దగ్గరకొచ్చి బ్లేడుని పట్టెయ్యకుండా మధ్యలో అడ్డం నిలబడుతుంది. అది లేకపోతే బ్లేడు వెనక పళ్ళు చెక్కని పైకెత్తి, కోసేవాడి మీదకే విసిరికొడతాయి. ఇదంతా నాకు తెలుసు. మా కంపెనీలో ఆ రేకు లేనిదే ఫోర్‌మన్ మిషను వెయ్యనిచ్చేవాడు కాదు. పదకొండేళ్ళపాటు ఆ రేకు ఇచ్చి సంతకం తీసుకున్నది నేనే.

మా పెరటి షెడ్డులో దింపి, త్రీఫేజ్ వైర్లు తగిలించి స్విచ్చి వేసిన మొదటి రోజే అది నాకు ఎదురు తిరిగింది. మాటవరసకి కాదు. వైర్లు తారుమారై మోటారు నిజంగానే అటునుంచి ఇటు తిరిగింది. నాకా సంగతి తెలియక ఒక పనస చెక్క ముందుకు తోశాను. ముందు పళ్ళు దాన్ని కిందకి అణచడానికి బదులు పైకి లేపి అవతలకి విసిరాయి. పెరట్లో గెల వేసిన అరటిచెట్టు నడుం విరిగి, గెలతో సహా నేల మీద పడింది. నా చేతులు చెక్కతోపాటు బ్లేడు దాకా వెళ్ళి, ఎందుకో ఆగాయి. ఆపింది నేను కాదు. ఈలోగా బ్లేడు బిగించిన నట్టు తిరుగుడుకి ఊడొచ్చి, బ్లేడు కడ్డీ మీద గలగలలాడుతూ ఐసుగడ్డ గీరినట్టు బల్ల ఇనుముని గీరింది. బావమరిది మెయిన్ లాగేశాడు. రెండు వైర్లు అటూ ఇటూ మార్చి, నట్టు బిగించి, ఇద్దరం గోడకి ఆనుకుని కాసేపు కూర్చున్నాం. మా ఆవిడ వచ్చి పచ్చి గెలని చూసింది.

"దీన్నెవరు కొట్టేరు?"

"గాలండీ," అన్నాను. ఆకు కదలడం లేదు.

రెండో రోజు బెల్టు కీచుమని అరిచింది. మా ఊళ్ళో తలనొప్పికీ, తలుపు కీచుకీ, గేదె పుండుకీ మందు ఒకటే. నేను కొబ్బరినూనె తెచ్చి బెల్టు మీద పోశాను. అరుపు ఆగింది. బ్లేడు కూడా ఆగింది. జారుతున్న బెల్టుని సవరిద్దామని వంగేసరికి అది చక్రం మీంచి ఊడి నా తొడ మీద కొట్టింది. లుంగీ చిరిగింది. తొడ మీద నల్లటి పట్టీ లేచింది, నాలుగు వేళ్ళ వెడల్పు. నవ్వు ఆపుకోలేక బావమరిది బయటికి వెళ్ళిపోయాడు. బెల్టుకి సబ్బు పెట్టి కడుగుతూ మిషనుని బండబూతులు తిట్టాను. తిట్టాక కాలితో తన్నాను కూడా. దానికేమీ కాలేదు, నా బొటనవేలి గోరు పోయింది.

మూడో రోజు చెక్క కోస్తుంటే పొగ రావడం మొదలైంది. చెక్క ఆనుకుని జరిగే ఇనప గైడు, బ్లేడుకి సమానంగా లేదన్నమాట. రెంటి మధ్యా ఎడం ముందూ వెనకా కొలవాలి. టేపుకి దొరకనంత సన్న తేడా కాబట్టి, చీపురు కట్టడానికి చీల్చుకున్న కొబ్బరి ఈనె ఒకటి విరిచి, ముందొకసారి, వెనకొకసారి పెట్టి చూశాను. రెండు చోట్లా పట్టింది. పచ్చి ఈనె వంగుతుందని, వెనక ఎడం తక్కువున్నా వంగి పట్టేస్తుందని నాకు అప్పుడు తోచలేదు. ఈ కొలత వడ్రంగులెవరూ చెయ్యరు. చీపుళ్ళు కట్టే ఇళ్ళల్లో పుట్టినవాళ్ళు చేస్తారు.

వ్యానులో వస్తున్నప్పుడే రేకు కూడా వంగినట్టుంది. చెక్క సగందాకా వచ్చి దానికి తగులుకుంటోంది.

"అమలాపురం తీసుకెళ్ళి తిన్నగా కొట్టించుకొద్దామా బావగారూ?" అన్నాడు బావమరిది.

"నాలుగు చెక్కలకి అమలాపురమా?" అన్నాను. బోల్టు విప్పి, రేకు తీసి, గోనెసంచిలో పడేశాను. అతను ఒక్క క్షణం నన్ను చూశాడు. నేను గల్ఫ్‌లో చేసొచ్చినవాణ్ణి కదా, నాకు తెలుస్తుందనుకున్నాడు.

మూడో చెక్క అతను తోస్తున్నాడు. నేను స్విచ్చి దగ్గర ఉన్నాను. అప్పుడే మా చర్చి అయ్యగారు గొడుగు ముడుచుకుంటూ షెడ్డు గుమ్మంలోకి వచ్చారు. ఇక్కడ అయ్యగారు కనబడితే చేతిలో ముద్ద ఉన్నా, పసిపిల్ల ఉన్నా దింపి రెండు చేతులూ జోడించి వందనాలు చెప్పాలి. ఊహ తెలియకముందే మా అమ్మలు మా చేతులు పట్టి జోడించి నేర్పుతారు. అది ఆలోచించి చేసే పని కాదు.

"వందనాలండీ అయ్యగారూ!" అన్నాడు బావమరిది, చెక్క వదిలేసి. స్విచ్చి మీంచి చెయ్యి తీసి, నేనూ జోడించాను.

చెక్క లేచింది. అంతవరకే చూశాను. తరవాతి చప్పుడు గోనెబస్తా మీద రోకలి పడ్డట్టుంది. చెక్క చివర అతని డొక్కలో దిగింది. ఊపిరి మొత్తం బయటికి పోయి, ముందుకి మడుచుకుపోయి, ఆనుకోడానికి కుడిచెయ్యి బల్ల మీదకి వేశాడు. బల్ల మీద బ్లేడు ఉంది. నేను కాలరు పట్టుకుని వెనక్కి ఈడ్చాను. చొక్కా చిరిగి సగం నా చేతిలో ఉండిపోయింది. మిగతా సగం బ్లేడు లాక్కుని ముక్కలు చేసి మా మొహాల మీద కొట్టింది. రంపప్పొట్టు ఎర్రగా తడిసి ముద్దలు కట్టింది. నేను స్విచ్చి కోసం వెతుకుతున్నాను, అది నా వీపు వెనకే ఉంది. అయ్యగారు గొడుగు పిడితో దాన్ని కిందకి లాగేశారు.

చెయ్యి తువ్వాలుతో చుట్టి ఆటోలో పడుకోబెట్టాం. అమలాపురం దాకా అతను ఒక్కటే అడిగాడు.

"ఉన్నాయా బావగారూ?"

విప్పి చూసే ధైర్యం నాకు లేదు. "ఆయ్, ఉన్నాయి," అన్నాను.

ఉన్నాయి. రెండు పక్కటెముకలు చిట్లాయి. బొటనవేలి మొదట్లో నరం తెగింది. కుట్టారు. వంగుతుందో లేదో కట్టు విప్పాకే తెలుస్తుందన్నారు. మా ఆవిడ ఆసుపత్రి వరండాలో అందరి ముందూ నన్ను చెంప మీద కొట్టింది. పెళ్ళయ్యాక అదే మొదటిసారి. ఆమె చేతి గాజు పగిలి నా చెవి దగ్గర గుచ్చుకుంది. నాకు ఎంతో కొంత ఊరటగా అనిపించిందంటే నమ్మండి.

కానీ ఆ ఊరట నిలవలేదు. అయ్యగారు తరచూ వచ్చి మంచం పక్కన కూర్చుని, "నా రాకేనండి దీనికంతటికీ కారణం. గుమ్మం బయట ఆగాల్సింది," అనేవారు. ఊరంతా అదే మాట. బావమరిది కూడా, "మీదేం లేదండి అయ్యగారూ, నా చెయ్యే ఆగలేదు," అనేవాడు. ఆ పెద్దమనిషి కళ్ళు తుడుచుకుంటుంటే, ఈ చేతులతోనే ఆయనకి టీ అందించాను. నోరు మాత్రం విప్పలేదు. కోతలు కోయడానికి తెరుచుకున్న నోరే.

కట్టు విప్పారు. బొటనవేలు సగం వంగి ఆగిపోయింది. ఇంటికి రాగానే అతను కీబోర్డు ముందు కూర్చున్నాడు. నాలుగు వేళ్ళూ నడిచి వెళ్ళి, బొటనవేలు కిందనుంచి దాటాల్సిన చోట తట్టుకుని పడ్డాయి. మళ్ళీ వాయించాడు. మళ్ళీ అక్కడే. మూడోసారి పిడికిలి బిగించి కీబోర్డు మెట్ల మీద గుద్దాడు. బిగిసింది నాలుగు వేళ్ళే.

అప్పుడు అక్కాతమ్ముళ్ళిద్దరికీ చెప్పాను. రేకు తీసింది నేనేననీ, అది తీస్తే ఏమవుతుందో పదకొండేళ్ళుగా తెలుసనీ, కంపెనీలో నేను వడ్రంగిని కాననీ, అయ్యగారి తప్పు ఇందులో ఏమీ లేదనీ.

మా ఆవిడ లేచింది. పెరట్లోకి వెళ్ళి కొబ్బరికాయలు ఒలవడానికి పాతిన గునపం పీక్కుని షెడ్డులోకి నడిచింది. మొదటి దెబ్బకి గైడు వంగింది. మూడో దెబ్బకి పోత ఇనుము బల్ల పెద్ద చప్పుడుతో రెండుగా పగిలింది. ఆమె జుట్టుముడి ఊడిపోయింది, అరిచేతులు చిట్లాయి, ఆగలేదు. నేను ఆపలేదు. పక్కకి జరిగి చోటిచ్చాను.

బావమరిది కట్టు విప్పిన చెయ్యి గుండెకి ఆనించుకుని గుమ్మంలో నిలబడి చూశాడు. నా వైపు చూడలేదు.

"అక్కా, మోటారు మీద కొట్టకే. అది బాగానే ఉంది, ఎవరికైనా పనికొస్తుంది," అన్నాడు.

ఆమె మోటారు మీదే కొట్టింది.