నందివర్ధనానికి ఎదురుగా ఒక కుర్చీ

మా బాటనీ మేడం ఇక లేరు. పొద్దున్నే కమలాపురం నుంచి ఫోన్ చేసి ఆ మాట చెప్పింది ఆమె తమ్ముడే. "అక్క పోయింది పాపా. టీ తీసకపోయి లేపితే పలకల్యా" అన్నాడు. ఇన్నేళ్ళూ మేమందరం భయపడింది ఆయన గురించి. ఆమె గురించి కూడా భయపడాలని ఎవరికీ తోచలేదు.

ఇంటర్లో నాకు చదువు చెప్పారామె. పెళ్ళిళ్ళలో పెద్దవాళ్ళు వరసలు కలిపినట్టు మేడం చెట్లకు వరసలు కలిపేవారు. "జిల్లేడు నందివర్ధనానికి మేనత్త కూతురు, గన్నేరు చిన్నాయన కొడుకు" అంటుంటే క్లాసంతా నవ్వేది. ఆ పిచ్చితోనే నేనూ కడపలో బాటనీ టీచర్నయ్యాను. ఆమె ఇంటి ముందు నందివర్ధనం చెట్టు ఉంది. శనివారం సాయంత్రం ఆ పూలు కోసి, ఆదివారం చర్చి బల్ల మీద పెట్టేవారు. పూలు కొనడమంటే ఆమెకు చెడ్డ కోపం.

తమ్ముడు లారీ డ్రైవరు. ప్రమాదంలో కాలు విరిగి, ఆపరేషనయ్యాక నొప్పి మాత్రలకు అలవాటు పడ్డాడు. కాలు అతుక్కుంది కానీ మాత్రలు వదల్లేదు. కర్నూలులో మాన్పించే చోట చేర్పించారు. నవ్వుతూ తిరిగొచ్చి, నెల తిరక్కుండానే మళ్ళీ మాత్రల్లో పడ్డాడు. రెండోసారి అంతే.

అప్పుడొకరోజు మేడం ఫోన్ చేశారు. ఆఫ్రికా అడవుల్లో ఒక పొద ఉందట, అక్కడివాళ్ళు దాని వేరు బెరడును తమ పూజల్లో తింటారట, మనసు వేరే లోకాలు తిరిగొస్తుందట. ఇలాంటి మత్తులో ఇరుక్కున్నవాళ్ళను దాంతో బయటికి లాగొచ్చా అని విదేశాల్లో డాక్టర్లు చూస్తున్నారట. "మన నందివర్ధనానికి సొంత సుట్టం పాపా అది!" అన్నారు. ఆ గొంతులో అంత సంతోషం నేనెప్పుడూ వినలేదు. అదే సంతోషంలో, అన్నం దగ్గర తమ్ముడికీ చెప్పేశారు.

మిగతాది తర్వాత చదివారు. అది తిని కొందరి గుండె ఆగిపోయిందని, డాక్టర్లు పక్కనుండి గుండెను కనిపెట్టుకోవాలని, ఆ వైద్యం మన దగ్గర దొరకదని. అదీ చెప్పారు. ఆయన చెవికి మొదటి మాటే ఎక్కింది.

"మందు ఇంటి ముందర పెట్టుకోని నాకు ఇయ్యకుండా ఉండావే అక్కా. రొంత వేరు ఉడకబెట్టి ఇయ్యి."

"ఆ పొద వేరే, ఇది వేరే. గన్నేరూ దానికి సుట్టమేరా. తాగుతావా?"

"ఇయ్యి. తాగుతా."

ఆ రోజు నుంచి ఆమె కుర్చీ చెట్టుకు ఎదురుగా కాపలాకు చేరింది. శనక్కాయలు ఒలిచినా, బైబిలు చదివినా అక్కడే. ఎప్పుడు వెళ్ళినా ఆమె కళ్ళు ఒకసారి నా వైపు, ఒకసారి చెట్టు మొదలు వైపు.

నాకు ఒళ్ళు మండింది. "పీకి పారేయండి మేడం, పీడ వదులుతుంది" అన్నాను.

"పీకితే, ఇంగ నీకు యాడా దారి ల్యాదని వానికి నేనే చెప్పినట్టు గదా. ఉంచితే భయం. నాకు ఏదీ చేతగాల్యా పాపా."

నేనూ వెతికాను. ఎక్కడ చదివినా, ఆశ ఉంది, ఇంకా పరిశోధన జరగాలి అనే ఉంటుంది. నిజమే, తొందరపడితే ప్రాణాలు పోతాయి. కానీ ఆ మాట ఆ కుర్చీలో కూర్చున్న మనిషికి ఎలా చెప్పాలో ఎక్కడా రాసి లేదు. ఒక్క చుక్కతో వ్యసనం మాయం అని ఫోన్లో వీడియోలు పెట్టేవాళ్ళను మాత్రం నాలుగు తన్నాలనిపించింది.

సమాధుల తోటలో మట్టి వేసి వచ్చాక, శనివారం మళ్ళీ మేడం ఇంటికి వెళ్ళాను. కోసేవాళ్ళు లేక పూలు రాలి నేలంతా తెల్లగా ఉంది. కుర్చీ అక్కడే ఉంది. దాన్ని ఇటు తిప్పి, చెట్టు వైపు వీపు పెట్టి, చేతులు మోకాళ్ళ మధ్య ఇరికించుకొని తమ్ముడు కూర్చున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అక్క పోయినకాడి నుంచి నిద్దర ల్యా పాపా. నేను పండుకోని లేసేదాకా నువ్వు రొంచేపు అక్క మాదిరి ఈడ కూర్చుంటావా?" అన్నాడు.

సాయంత్రం బస్సుకు నేను కడప వెళ్ళిపోవాలి. ఆయనకూ తెలుసు. ఆయన లేచి లోపలికి పోయాడు. నేను కుర్చీని చెట్టు వైపు తిప్పుకొని కూర్చున్నాను.