దొడ్డిదారి కప్పు

ఆ రోజుల్లో ఐర్లండ్‌లో ఉద్యోగాలు మనిషిని వెతుక్కుంటూ వచ్చేవి. వాన ఎలాగూ వచ్చేది. తక్కువైందల్లా క్రికెట్. ఆ లోటు తీర్చుకోవడానికి లూకన్ చుట్టుపక్కల తెలుగు సాఫ్ట్‌వేర్ వాళ్ళమంతా ఆరు జట్లుగా చీలి ఒక కప్పు పెట్టుకున్నాం. ఒక జట్టుకు నేను కెప్టెన్ని, ఇంకోదానికి మా తోడల్లుడు. (పెళ్ళయినవాళ్ళకు చెప్పక్కర్లేదు, అత్తగారు అల్లుణ్ణి కొలిచే కొలబద్ద పేరే తోడల్లుడు.) ఆ వేసవిలో మా అత్తగారు మా రెండిళ్ళలోనూ మార్చి మార్చి ఉంటున్నారు. పెద్దల్లుడు అప్పటికే ఆడమ్స్‌టౌన్‌లో ఇల్లు కొన్నాడు, నాది అద్దె కొంప. ఆవిడ కళ్ళ ముందు నేనతన్ని మించే దారి ఏదైనా ఉందంటే ఆ కప్పొక్కటే.

మొదటి ఆటలోనే అతని జట్టును చిత్తుగా ఓడించాం. "బాగా ఆడారు బాబూ" అన్నారు అత్తగారు. నా కడుపు నిండిపోయింది. అంతలో పోటీ నడిపే అంకుల్, అమెరికాలో కొన్నాళ్ళుండి వచ్చినాయన, ఓడిన మూడు జట్లలో ఎక్కువ పరుగులు చేసినవాళ్ళు వైల్డ్ కార్డుతో సెమీస్‌కి వస్తారని ప్రకటించారు. అది ఎవరికి దక్కిందో వేరే చెప్పాలా?

"ఓడినోళ్ళు మళ్ళీ రావడమేంటి అంకుల్?" అన్నాను.

"అమెరికాలో బేస్‌బాల్‌కి అంతేనయ్యా. అయినా మూడు టీములతో సెమీస్ ఎట్టా ఆడిస్తాం?"

"వాళ్ళు నెలల తరబడి ఆడాక ఇస్తారు ఆ కార్డు. మనోళ్ళు ఆడిందే ఒక్క మ్యాచ్, అదీ ఓడిపోయారు."

ఆయన నా భుజం తట్టి టీ తాగమన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

అనుకున్నంతా అయింది. ఫైనల్లో వాళ్ళే ఎదురై మమ్మల్ని ఓడించారు. ఒకసారి మేం గెలిచాం, ఒకసారి వాళ్ళు గెలిచారు, మరి కప్పు ఏ న్యాయాన వాళ్ళది? అంపైరు మా ఆఫీసులో పనిచేసే ఐరిష్ మిత్రుడు (మా ఇంటి బిర్యానీ కోసం వచ్చాడు, క్రికెట్ ఆ మైదానంలోనే నేర్చుకున్నాడు). అతను కప్పు అందిస్తుంటే ఇక పట్టలేకపోయాను. దొడ్డిదారిన వచ్చారనడం కన్నా పెద్ద తిట్టు నాకు తోచలేదు. దాన్నే ఇంగ్లిష్‌లోకి మార్చి, "దే కేమ్ త్రూ ది బ్యాక్ డోర్" అని మైదానమంతా వినబడేలా అరిచాను.

అంపైరు మొహం వెలిగిపోయింది. అక్కడ కౌంటీల (మన జిల్లాల్లాంటివి) మధ్య జరిగే వాళ్ళ సొంత ఫుట్‌బాల్‌లో ఓడిన జట్టుకిచ్చే రెండో అవకాశాన్ని అందరూ బ్యాక్ డోర్ అనే అంటారట. "బ్యాక్ డోరా? గ్రాండ్! మా కౌంటీ టీముకి ఇంకో డోరే తెలీదు" అని తన ఇంగ్లిష్‌లో అంటూ, మా తోడల్లుడి చెయ్యి పట్టుకుని ఊపేసి, అందరిచేతా చప్పట్లు కొట్టించాడు. నా తిట్టు అలా సన్మానమైపోయింది.

కప్పు పట్టుకుని పెద్దల్లుడు కారెక్కాడు. ఆ వారం మా ఇంట్లో ఉండాల్సిన అత్తగారూ అదే కారెక్కుతూ, నన్ను చూసి జాలిపడ్డారు.

"పోన్లెండి బాబూ. ఈసారి మీరూ ముందే ఓడిపోండి."

వానలో బ్యాటు నేలకేసి కొడుతూ నిలబడ్డ ఆ కుర్రాడు, అదే అప్పటి నేను, ఇప్పుడు గుర్తొస్తే నవ్వొస్తుంది, ముద్దొస్తాడు కూడా. పిలిచి ఇన్ని టీ నీళ్ళు పోసి, పోనీలేరా అనాలనిపిస్తుంది. అంటాను కూడా, కానీ వాడికి కోపం తగ్గేలోపు నాకు పెరుగుతుంది.