మోటారు గొలుసులో కరెంటు

కెనడాలో హాలిఫాక్స్ ఊరి చివర, మున్సిపాలిటీ మురుగు పైపు అందని ఒక రోడ్డులో ఆంటీ, అంకుల్ ఉంటారు. కాకినాడ వైపు వాళ్ళు. నాకు చుట్టాలేమీ కారు, చర్చిలో పరిచయం. అప్పట్లో నేను ఎలక్ట్రీషియన్ దగ్గర అప్రెంటిస్‌గా పని నేర్చుకుంటున్నాను. ఆదివారం ఆరాధన అయ్యాక వాళ్ళింట్లోనే నా భోజనం.

ఆ ఆదివారం పొద్దుటి నుంచీ వాన. చేపల పులుసు వడ్డిస్తూ ఆంటీ మామూలుగా అన్నారు.

“కింద మోటారు గొలుసు ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటోందమ్మా. చలికాలం స్వెట్టర్ తీస్తే చిటపటమంటుందే, అలాంటిదేనా?”

వాళ్ళింట్లో బాత్రూముల నీళ్ళు, వాషింగ్ మెషిన్ నీళ్ళు బేస్‌మెంట్ మూలనున్న గుంటలోకి చేరతాయి. అందులో మునిగి ఉండే సబ్‌మర్సిబుల్ మోటారు వాటిని పెరట్లోని సెప్టిక్ ట్యాంకులోకి తోస్తుంది. అవసరమైతే మోటారును పైకి లాగడానికి ఒక ఇనప గొలుసు గుంట మూత పక్క నుంచి బయటికి వచ్చి ఉంటుంది.

“ఎప్పట్నించి ఆంటీ?”

“అంకుల్ మోటారు మార్చిన దగ్గర్నుంచీ.”

“స్టాటిక్ అయ్యుంటుందిలే. ఇక్కడి గాలి అలాంటిది,” అన్నారు అంకుల్. మన దేశంలో ఉన్నన్నాళ్ళూ రొయ్యల చెరువుల మీద మోటార్లు బిగించి, విప్పి, నడిపించిన మనిషి ఆయన. కరెంటంటే తెలియని వాడు కాదు. కానీ బయట అంత వాన పడుతుంటే, పొడిగాలికి పుట్టే స్టాటిక్ ఎక్కడిది? నేను చెయ్యి కడుక్కుని లేచాను.

ఆంటీ నాకంటే ముందే మెట్లు దిగారు. గుంట చుట్టూ సిమెంటు నేల తడిసి ఉంది. ఎప్పుడూ వేసుకునే చెప్పులు ఆవిడ కాళ్ళకి లేవు.

“ఇదిగో, చూపిస్తానుండు,” అంటూ వంగి గొలుసు మీదికి చెయ్యి చాపారు.

నేను కేక వేశానో లేదో నాకు గుర్తులేదు. ఆవిడ స్వెట్టర్ వెనక నుంచి దొరకబుచ్చుకుని బలంగా లాగాను. ఇద్దరం వెళ్ళి మెట్ల మీద పడ్డాం.

“ఏంటమ్మాయ్, పిచ్చా నీకు?”

కారులోంచి మీటర్ తెచ్చి, ఒక కొస గొలుసుకీ ఇంకో కొస భూమిలోకి పోయే నీళ్ళ రాగి పైపుకీ ఆనించాను. నూరు వోల్టుల పైన చూపించింది, ఇక్కడి సాకెట్లో ఉండేంత. మీటర్ పాడైందేమోనని పక్కనున్న సాకెట్లో పెట్టి చూశాను. బాగానే ఉంది. మళ్ళీ గొలుసుకి పెట్టాను. మళ్ళీ అదే.

అంకుల్ నా భుజం మీదుగా చూస్తున్నారు. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు.

మోటారు బ్రేకర్ ఆపేసి, గొలుసులో కరెంటు పోయిందని మీటర్‌తో మళ్ళీ చూసుకుని, నాకు పని నేర్పే ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేశాను. ఆయన ఇక్కడే పుట్టి పెరిగిన పెద్దాయన. ఎవరినీ దేన్నీ ముట్టుకోవద్దన్నారు, మోటారు లేక గుంట పొంగుతుంది కాబట్టి కుళాయి కూడా తిప్పొద్దన్నారు. వానలోనే వచ్చేశారు.

గోడ మీది కంట్రోల్ బాక్స్ తెరిచి, నన్ను దగ్గరికి పిలిచి చూపించారు. మోటారు కేబుల్లో లావు తీగలతో పాటు సన్నటివి రెండు జతలుంటాయి. ఒక జత మోటారు మరీ వేడెక్కితే దాన్ని ఆపేస్తుంది. రెండోది లోపలికి నీళ్ళు దిగితే అలారం మోగిస్తుంది. వేడి కనిపెట్టే జత బిగించాల్సిన చోట దాన్ని వదిలేసి, రెండు కొసల్నీ చిన్న తీగ ముక్కతో కలిపేసి ఉంది. రెండో జతని కత్తిరించి టేపు చుట్టేశారు. మోటారు కేబుల్ పొడవు చాలక గుంట అంచున అతుకు వేశారు. అతికిన వైరులో లావు తీగలు రెండే. ఎర్త్‌కి పోవాల్సిన ఆకుపచ్చ తీగ ఎక్కడికీ పోకుండా ఆ అతుకు దగ్గరే ఆగిపోయింది.

“అలారం ఊరికే మోగుతోంటే సెన్సర్ పాడైందనుకున్నానమ్మా,” అన్నారు అంకుల్. “మన చెరువుల మోటార్లకి ఇవన్నీ ఎక్కడున్నాయి? నడుస్తోంది కదా అని తీసేశా.”

మోటారును పైకి లాగి, పెద్దాయన అడుగునున్న చిన్న మర విప్పారు. తేటగా రావాల్సిన నూనె మజ్జిగలా తెల్లగా కారింది. నీళ్ళు లోపలికి దిగకుండా ఆపే సీలు పోయింది; ఆ తడి గుండా కరెంటు మోటారు ఒంటికీ, దానికి కట్టిన గొలుసుకీ పాకింది. సెన్సర్ నిజమే చెప్పింది.

“మరి బ్రేకర్ ఎందుకు పడలేదు?” అని అడిగారు అంకుల్.

“ఎర్త్ తీగ ఉంటే కరెంటు అటు పోయి బ్రేకర్ పడిపోయేది అంకుల్. ఆ దారి లేదు. ఇక గొలుసు పట్టుకున్న మనిషే దారి.”

ఆ మాట నా నోటి నుంచి వచ్చాకే నాకు పూర్తిగా అర్థమైంది. వెళ్ళి గోడకి ఆనుకున్నాను.

“రోజూ ఆ పక్కన మెషిన్లో బట్టలు వేసేది నేనే కదండీ,” అన్నారు ఆంటీ. అంకుల్ మెట్టు మీద కూర్చుని రెండు చేతులతో ముఖం కప్పుకున్నారు.

కరెంటు పనికి పర్మిట్ తీసుకుని, కొత్త మోటారుతో పనంతా మొదటి నుంచీ చేశాం. గుంట నుంచి బాక్స్ దాకా ఎక్కడా అతుకు లేని ఒకే కేబుల్. అది బాక్స్‌లోకి వెళ్ళే చోట తేమ దూరకుండా బిగింపు. ఎర్త్ తీగ ముందు, మిగతావన్నీ తర్వాత. సన్న తీగలు రెండు జతలూ వాటి వాటి స్థానాల్లోకి వెళ్ళాయి. వేడి కనిపెట్టే తీగ ఊడదీసి చూస్తే మోటారు టక్కున ఆగింది. రెండో జతని పరీక్షిస్తే అలారం చెవులు గింగిర్లెత్తేలా మోగింది. కరెంటు ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసి సరేనన్నాక గానీ పెద్దాయన నీళ్ళు వాడనివ్వలేదు.

అయినా ఆంటీ చాలా రోజులు బేస్‌మెంట్‌లోకి దిగలేదు. బట్టలు అంకులే ఉతికారు. ఒక ఆదివారం నేను వెళ్ళేసరికి ఆయన కింద ఉన్నారు. ఆంటీ మెట్ల పైన తలుపు పట్టుకుని నిలబడి, నిమిషానికోసారి పిలుస్తున్నారు.

“ఏవండీ, ఉన్నారా?”

“ఉన్నా, ఉన్నా,” అని కింద నుంచి అంకుల్.