ఖాళీ రోటి చప్పుడు

అన్నం కుండ మీద చెయ్యి పెట్టి చెప్తున్నాను. ఇది జరిగింది. నాకే జరిగింది. నా చదువు మూడో తరగతి. కల్పించి రాయడానికి అది చాలదు. పైగా నేను కూరలో ఉప్పు ఎంత చూసి వేస్తానో మాట కూడా అంతే చూసి వేస్తాను. మా ఆవపల్లి పక్క ఎవరినైనా అడగండి, చెప్తారు.

ముందు మా రజని గురించి చెప్పాలి. నా కూతురి కూతురు. జగదల్‌పూర్ హాస్టల్లో ఉండి చదువుకుంది. ఇప్పుడు సినిమాలకు చోట్లు వెతికి పెడుతుంది. లొకేషన్లు అంటారు.

ఒకప్పుడు సినిమా వాళ్ళే జీపుల్లో వచ్చేవారు. వాగు కావాలి, గుట్ట కావాలి అని పది రోజులు తిరిగేవారు. దారి తప్పేవారు. మా కుండలో నీళ్ళు తాగి, కడుపులు పట్టుకుని వెళ్ళిపోయేవారు. ఇప్పుడు ఆ తిరుగుడు లేదు. ఆకాశం నుంచి తీసిన ఫొటోల్లో రజని ముందు చోటు చూస్తుంది. అక్కడికి వెళ్ళి డ్రోన్ ఎగరేస్తుంది. అది తీసిన ఫొటోలన్నీ ఒకదానికొకటి కుట్టి, ఆ చోటునే కంప్యూటర్లో నిలబెడుతుంది. హైదరాబాదులో డైరెక్టరు కళ్ళకు డబ్బా లాంటిది కట్టుకుని కుర్చీలో కూర్చుంటాడు. అక్కడే కూర్చుని మా అడవిలో నడుస్తాడు.

ఒకసారి ఆయన ఫోనులో, ఆ ఇప్పచెట్టును కాస్త ఎడమకు జరపవచ్చా అని అడిగాడట. అది మా పెద్దమ్మ వాళ్ళ చెట్టు సార్, జరగదు అందట మా పిల్ల. ఆ పూట నేను రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను. ఎదురుగా మాత్రం మెచ్చుకోలేదు. మెచ్చుకుంటే పిల్లలు పాడవుతారు.

కిందటి చలికాలం రజనికి మొదటిసారి ఒక సినిమా పని పూర్తిగా అప్పగించారు. మనుషులు వదిలేసిన ఊరు ఒకటి కావాలి. నడిరాత్రి ఆ ఊళ్ళో ఒక మనిషి ఒంటరిగా నిలబడతాడట. ఆ నిశ్శబ్దమే సినిమాకు ప్రాణమట. అందుకని చోటు చూపిస్తే సరిపోదు, రాత్రంతా మైకు పెట్టి అక్కడి చప్పుడు కూడా పంపాలి. మనిషి అలికిడి ఉండకూడదు. రజని అప్పటికే మూడు చోట్లు పంపింది. ఒకదాంట్లో లారీలు. ఒకదాంట్లో టవర్ జనరేటర్. మూడోదాంట్లో ఎక్కడో పెళ్ళి డీజే. మూడూ పోయాయి. నాలుగోది కూడా పోతే సినిమా ఒడిశాకు వెళ్తుంది. పిల్ల చేతిలోంచి పని పోతుంది. అది అన్నం సరిగ్గా తినడం మానేసింది.

ఒక సాయంత్రం కంప్యూటర్ నా ముందు పెట్టింది. అంతా అడవి. ఫోన్ పటంలో అక్కడ పేరు లేదు, ఒట్టి పచ్చరంగు. కానీ ఫొటోను పెద్దది చేస్తే... గడ్డి రంగు మారిన గీతలు. నలుచదరంగా. వరసగా.

"ఏంది అమ్మమ్మా ఇవి? ఇండ్లా?"

నేను కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాను.

"మూడోది మనదే," అన్నాను.

అది మా తునికిపారా. ఇరవై ఇళ్ళ పల్లె. అల్లర్ల కాలంలో ఒక్క పగటిపూటలో ఖాళీ అయింది. అందరం రోడ్డు పక్క క్యాంపుకు వచ్చి పడ్డాం. నా తోటికోడలు ముత్తి ఆ క్యాంపులోనే జ్వరంతో పోయింది. ముత్తీ నేనూ పద్దెనిమిదేళ్ళు ఒకే రోట్లో జంటగా దంచాం. ఒకరి రోకలి లేస్తే ఒకరిది పడాలి. అంతకంటే దగ్గరితనం నాకు మొగుడితో కూడా లేదు.

మా వైపు ఒక కట్టుబాటు ఉంది. రోలును రాత్రి ఖాళీగా ఉంచకూడదు. దంచడం అయ్యాక నాలుగు గింజలు వేసి ఉంచాలి. ఊరు విడిచిన రోజు వడ్ల మూటలు నెత్తిన పెట్టుకున్నాను గానీ నాలుగు గింజలు రోట్లో వేయలేదు. రోలేమో నేలలో పాతిన రాయి, వెంట తెచ్చుకునేది కాదు. ముత్తి దారంతా సణిగింది. ఖాళీగా ఒదిలొస్తివి అక్కా, ఖాళీగా ఒదిలొస్తివి అని. నోరు ముయ్యమన్నాను.

సర్పంచికి చెప్పాం. డ్రోన్ ఎగరేయడానికి పోలీసు క్యాంపులో కాగితం రాయించుకున్నాం. రోడ్డు ఉన్నంత దాకా బండి మీద, తర్వాత రెండు గంటలు కాలినడక. దారి చూపడానికి నేను వెళ్ళాను. ఊరి తల్లికి వేద్దామని గుప్పెడు వడ్లు కొంగున కట్టుకున్నాను. గుప్పెడే. తల్లికి మాత్రం ఎక్కువెందుకు?

గోడలు మోకాలి ఎత్తున మిగిలాయి. మా ఇంట్లో తునికి మొక్కలు మొలిచాయి. నేను ఏడవలేదు. రజని డ్రోన్ ఎగరేసి, పొద్దు వాలే దాకా పని చేసింది. నేను వాగు దగ్గర గిన్నె తోముతుండగా మైకు పెట్టేసి వచ్చింది. గాలి తగలని చోటు చూసి పెట్టానంది. ఎక్కడ అని నేను అడగలేదు. అడగాల్సింది.

ఊరి చివర ఇప్పచెట్టు కింద పరదా పట్టా పరుచుకుని పడుకున్నాం. నెగడు చిన్నదే వేయించాను. కట్టెలు అడవివైనా కట్టెలే కదా. రజని చెవుల్లో తీగలు పెట్టుకుని ఉంది. మైకు అక్కడ వింటున్నది ఆమెకు ఇక్కడ వినబడుతుంది.

చలి. కీచురాళ్ళు. దూరంగా వాగు.

నాకు కునుకు పట్టింది. ఎంతసేపో తెలియదు. భుజం మీద చెయ్యి పడింది.

"అమ్మమ్మా... ఈడ ఎవరన్న ఉంటున్నరా?"

ఎవరుంటారని కసిరాను. ఒక తీగ తీసి నా చెవిలో పెట్టింది.

కీచురాళ్ళు... గాలి... ఏమీ లేదు. తియ్యబోయాను.

దుమ్.

ఆగింది.

దుమ్.

మళ్ళీ ఆగింది.

చెవిలోంచి తీగ తీశాను. బయట ఏ చప్పుడూ లేదు. మళ్ళీ పెట్టుకున్నాను... దుమ్. రాయి మీద రోకలి. ఖాళీ రోటి మీద పడే పోటు నాకు తెలుసు. గట్టిగా ఉంటుంది. పళ్ళు జివ్వుమంటాయి.

రజని ఏడవలేదు, పరిగెత్తలేదు. డ్రోన్ తీసింది. ఒంటి వేడిని చీకట్లో తెల్లగా చూపే కెమెరా ఉంది దానికి. ఊరంతా తిప్పింది. తెరలో ఇప్పచెట్టు కింద నెగడు, దాని పక్కన రెండు తెల్ల మచ్చలు, మేమే. వాగు దగ్గర కుందేలంత ఒకటి. మా ఇంటి మీదికి తెచ్చి ఆపింది. నలుపు. అంతా చల్లటి నలుపు.

చెవిలో మాత్రం... దుమ్.

అప్పుడు నేను గుర్తుపట్టాను. నాలుగు పోట్లకోసారి రోటి అంచు మీద చిన్నగా... టక్. చెదిరిన గింజలను కాలితో లోపలికి తోసి, రోకలితో అంచు తట్టే అలవాటు మా పారాలో ముత్తి ఒక్కదానికే ఉండేది. ఎన్ని తిట్టినా మానలేదు.

ఇంకోటి కూడా అర్థమైంది. ఒంటిగా దంచే మనిషి అంతసేపు ఆగదు. పోటుకూ పోటుకూ నడుమ సరిగ్గా ఇంకో పోటు పట్టేంత జాగా ఉంది. ఆ జాగా నాది.

"మైకు ఎక్కడ పెట్టినవే?"

"రోట్ల. గాలి తగలదని."

కొట్టబోయి ఆగాను. దానికేం తెలుసు, హాస్టల్ పిల్ల. మిక్సీలు చూసి పెరిగింది.

టార్చి పట్టుకుని వెళ్ళాం. దగ్గరికి వెళ్ళేసరికి తీగలో కూడా ఏమీ లేదు. మా అడుగుల చప్పుడే మాకు తిరిగి వినబడింది. రోట్లో మైకు, దాని బొచ్చు తొడుగు, చిన్న ఎర్రదీపం. మైకు తీసెయ్యమన్నాను. రజని కదపనివ్వలేదు. "నడుమల కదిపితే అది దొంగపని అమ్మమ్మా. రాత్రంతా ఒక్క చోటనే ఉండాలె."

కొంగు విప్పాను. నాలుగు గింజలు చాలు. కానీ ఇరవై ఏళ్ళ బాకీ కదా... గుప్పెడూ మైకు చుట్టూ పోశాను. నా జీవితంలో కొలత లేకుండా పోసింది అదొక్కటే.

తిరిగి వచ్చి దుప్పటి కప్పుకున్నాం. చెరో తీగ. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత... వచ్చింది.

కానీ ఇప్పుడు మెత్తగా. దుమ్ కాదు... ధుప్. గింజల మీద పడే పోటు. నేను వింటూ ఉన్నాను. భయం వేసిందా అంటే వేసింది. కానీ తీగ తియ్యలేదు. వింటూ వింటూనే నిద్రపోయాను. ఇది ఎట్లా సాధ్యమో నన్ను అడగవద్దు.

తెల్లారి వెళ్ళి చూశాం. రోట్లో గింజలు లేవు. పొట్టు ఉంది. ఎలుక బియ్యం తిని పొట్టు వదులుతుంది, అది నాకూ తెలుసు. ఎలుకే కావచ్చు. మైకు తొడుగు మీద సన్నటి తెల్ల దుమ్ము. మట్టి కావచ్చు. వాసన చూశాను. ఏ వాసనో రాయను. నేను కచ్చితంగా చెప్పలేను.

ఇక్కడ నేను చేసిన తప్పు కూడా రాయాలి. ఆ చప్పుడు ముక్క కోసేసి పంపమని రజనికి నేనే చెప్పాను. పని పోతుందని భయం. ఒక్క మీటతో పోతుందట, ఎవరికీ తెలియదట. అది నా వైపు చూసింది.

"చిన్నప్పుడు పాలల్ల నీళ్ళు కలిపితే మూడు రోజులు నాతోని మాట్లాడకపోతివి. గిప్పుడు గీ మాట నువ్వే అంటున్నవా?"

మొత్తం చప్పుడు పంపింది. కింద రాసింది కూడా: రాత్రి దంచుడు చప్పుడు ఉంది, వేడి కెమెరాలో మనుషులు కనిపించలేదు. అంత గర్వం నాకు ఎప్పుడూ కలగలేదు. పని పోతే పోనీ అనుకున్నాను. ఆ రోజు ఎదురుగానే మెచ్చుకున్నాను, ఒక్క మాట. అది నమ్మలేదు.

మూడో రోజు హైదరాబాదు నుంచి సౌండు చూసే సారు ఫోన్ చేశాడు. స్పీకర్లో పెట్టింది. ఆ దంచుడు తప్పితే అంత మంచి నిశ్శబ్దం తాను వినలేదన్నాడు. చోటు ఖాయమన్నాడు. రజని నా చెయ్యి పట్టుకుంది. అప్పుడు ఆయన మామూలుగా అన్నాడు: "ఆ దంచేవాళ్ళిద్దరికీ చెప్పండమ్మా, షూటింగ్ నాలుగు రాత్రులూ ఆపమని."

ఇద్దరా అని అడిగింది రజని. కంప్యూటర్ చప్పుళ్ళను విడదీసి గీతలుగా చూపిస్తుందట. మొదట ఒక్క రోకలే. రాత్రి మూడు గంటలు దాటాక రెండోది కలిసిందట. ఒకటి లేస్తే ఒకటి, చాలా చక్కగా, అలవాటైన చేతులు అన్నాడు.

మూడు దాటాక నేను నిద్రలో ఉన్నాను. దుప్పటి కింద నా కుడిచెయ్యి లేచి పడుతూ ఉంటే చలికేమో అనుకుని రజని పట్టుకుని పడుకుందట. నాకు తెలియదు. ఆ పొద్దున అరచెయ్యి మండిందన్న మాట నిజమే. కట్టెలు విరిచాను కదా.

ఇప్పుడు ఫోన్ పటంలో ఆ పచ్చరంగు మీద తునికిపారా అని ఉంది. మా రజని ఎక్కించింది. సినిమా వాళ్ళ కాగితాల్లో కూడా ఆ పేరే.

షూటింగ్ ముందు రోజు నేను వెళ్ళాను. ఈసారి చేటెడు వడ్లు పట్టుకెళ్ళాను. రోట్లో పోసి, పక్కన కూర్చుని చెప్పాను. పిల్ల పని ఇది, నాలుగు రాత్రులు ఓపిక పట్టు అని.

ఆ నాలుగు రాత్రులూ ఒక్క చప్పుడు లేదట.

ఎవరికి చెప్పానో నాకు తెలియదు. కానీ విన్నారు.