గుమ్మం తొక్కిన చార్జీ

వీధిలో ఆయన్ని అందరూ చెకింగాయన అంటారు. సిటీ బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. ఉద్యోగం పోయింది గానీ ఆ చూపు పోలేదు. చింత చచ్చినా పులుపు చావదని ఊరికే అన్నారా? పాల ప్యాకెట్టు చేతికి రాగానే నాలుగు మూలలూ వేలితో తడుముతాడు. ఎదురింటి కుక్క మొరిగితే అది ఎవర్ని చూసి మొరిగిందో తెలిసేదాకా కిటికీ దగ్గర్నుంచి కదలడు. భార్య కొట్టు నుంచి తిరిగొస్తే "ఏం తెచ్చావు?" అని అడగడం కూడా ఉండదు. ఆవిడ చెప్పులు విప్పేలోగా సంచి ఈయన చేతుల్లో తెరుచుకుని ఉంటుంది. మనిషి చెడ్డవాడేం కాదు. బస్సెక్కిన ప్రతివాడూ టికెట్టు చూపించేదాకా టికెట్టు లేనివాడే అన్నది ఆయన చదువుకున్న చదువు. ఆ చదువునే ఇంటికీ తెచ్చుకున్నాడు.

అయితే బస్సులో ఆయనకి మంచిపేరే ఉండేది. టికెట్టు ఉన్నవాళ్ళతో మర్యాదగా ఉండేవాడు. చూసి, తిరిగిచ్చి, "సరే, కూర్చోండి" అనేవాడు. ఆ మాట వినగానే ఏ తప్పూ చెయ్యనివాళ్ళు కూడా హమ్మయ్య అనుకునేవాళ్ళు.

ఆయన భార్య చాలా ఏళ్ళు ఒక లాండ్రీలో ఇస్త్రీ బల్ల ముందు పనిచేసింది. నిలబడి నిలబడి మోకాళ్ళు అరిగిపోయాయి. పెరటి మెట్లు మూడే అయినా, గోడ పట్టుకుని పక్కకి తిరిగి, ఒక్కో మెట్టు మీదా రెండు కాళ్ళూ ఆన్చి దిగేది. మందులకంటే వేడినీళ్ళు మేలనీ, ఆ నీళ్ళు కదులుతూ ఉండాలనీ, వేడి తగ్గకూడదనీ డాక్టరు చెప్పాడు. సరిగ్గా అప్పుడే ఊరి చివర లాడ్జి ఒకటి మూసేస్తూ సామాను అమ్మకానికి పెట్టింది. అందులో ఒక హాట్ టబ్ ఉంది. చెకింగాయన వెళ్ళి ఆ అమ్మేవాణ్ణి ప్రశ్నలతో నమిలి పారేశాడు. లాడ్జి ఎందుకు మూస్తున్నావు, టబ్‌లో ఎవరైనా జారిపడ్డారా, మూత మీద ఈ గీత ఏమిటి. అన్నీ అడిగాక, రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులోంచి తీసి ఇచ్చాడు. వాణ్ణి అన్ని ప్రశ్నలడిగినవాడు, భార్యని మాత్రం "నొప్పి నిజమేనా?" అని ఒక్కసారి కూడా అడగలేదు. ప్రేమ లేదనడానికి వీల్లేదు.

టబ్‌ని పెరటి వసారాలో దించారు. ఆవిడ రోజూ పొద్దున్నే మెడ దాకా ఆ నీళ్ళలో కూర్చునేది. నెల తిరక్కుండానే మెట్లు మామూలుగా దిగడం మొదలుపెట్టింది. వీధి చివరి కొట్టుకి ఒక్కతే వెళ్ళొచ్చేది. సంచి మాత్రం మామూలుగానే తనిఖీ అయ్యేది.

ఒకరోజు నీళ్ళు వేడెక్కలేదు. స్విచ్చి వేస్తే ట్రిప్పయి పడిపోతోంది. సర్వీసు సెంటరుకి ఫోన్ చేస్తే అటునుంచి ఒకమ్మాయి తియ్యగా మాట్లాడింది. మనిషిని పంపిస్తామనీ, వచ్చినందుకు విజిటింగ్ చార్జీ ఉంటుందనీ, సామాను మారిస్తే అది వేరేననీ చెప్పింది. వచ్చి చూసి బాగుచెయ్యలేకపోతేనో అని ఈయన అడిగాడు. అప్పుడూ విజిటింగ్ చార్జీ ఉంటుందట. ఫోన్ పెట్టేశాక భార్య వైపు తిరిగి, గుమ్మం తొక్కినందుకే అంత అయితే, కుర్చీలో కూర్చుంటే ఎంతవుతుందో, మంచినీళ్ళు తాగితే ఎంతవుతుందో అన్నాడు. అయితే మంచినీళ్ళు ఇవ్వనులెండి అందావిడ.

మెకానిక్ వచ్చాడు. నడివయసు మనిషి, భుజానికి బరువైన సంచి, నోట్లో మాట తక్కువ. చెకింగాయన అనుభవంలో టికెట్టు లేనివాడే కిటికీలోంచి బయటికి చూస్తూ మౌనంగా కూర్చుంటాడు. కాబట్టి మొదటి చూపుకే మెకానిక్ అనుమానితుల్లో చేరిపోయాడు. అతను టబ్ పక్క పలక మరలు విప్పి, లోపలికి తొంగిచూసి, హీటరు దగ్గర రబ్బరు రింగు పాడై నీళ్ళు కారుతున్నాయన్నాడు. కొత్తది వేశాడు. పాత రింగు జేబులో వేసుకున్నాడు. చార్జీ తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆ జేబులో వేసుకోవడం ఈయనకి ముల్లులా గుచ్చుకుంది. పాతది ఎందుకు పట్టుకుపోయినట్టు? అసలు మార్చాడా? మెకానిక్ వీధి మలుపు తిరిగాడో లేదో, చెకింగాయన స్క్రూడ్రైవరు పట్టుకుని టబ్ పక్కన చతికిలబడ్డాడు. పలక విప్పాడు. హీటరుకి అటూ ఇటూ ఉన్న వాల్వుల హ్యాండిళ్ళు కిందికి నొక్కి నీళ్ళు ఆపాడు. చేతికి లొంగని పెద్ద ప్లాస్టిక్ నట్టుని పైపు రెంచితో తిప్పి తీశాడు. లోపల రింగు నల్లగా ఉంది. పాతదీ నల్లగానే ఉండేది. ఏమీ తేలలేదు. సరేనని దాని మీద ఎర్ర రంగు చుక్క ఒకటి పెట్టి, రెంచితో బలం కొద్దీ బిగించి, అంతా మూసేశాడు. ఈసారి రింగు మార్చానంటూ డబ్బు తీసుకుని మార్చకపోతే, ఆ చుక్క సాక్ష్యం చెబుతుంది.

కొన్నాళ్ళకే మళ్ళీ ట్రిప్పయింది. మళ్ళీ ఫోను, మళ్ళీ తియ్యటి గొంతు, మళ్ళీ చార్జీ. మెకానిక్ రింగు మార్చానన్నాడు. అతను వెళ్ళగానే ఈయన విప్పి చూశాడు. చుక్క లేదు. అంటే మార్చిన మాట నిజమే. ఇంకొకరైతే అక్కడితో నిద్రపోయేవాళ్ళు. ఈయన ఆలోచన ఇంకో మెట్టు దిగింది. నా మంచి రింగు తీసి ఎవరిదో పాత రింగు పెట్టలేదని నమ్మకమేమిటి? మళ్ళీ చుక్క, మళ్ళీ రెంచి. వాల్వు హ్యాండిళ్ళు రెండూ తిరిగి పైకెత్తాడో లేదో తర్వాత ఆయనకే గుర్తులేదు.

మర్నాడు టబ్ నీళ్ళు తిప్పనని మొరాయించింది. మెకానిక్ వచ్చి, పలక తీసి, ఒక హ్యాండిల్ పైకెత్తాడు. నీళ్ళు గలగలా తిరిగాయి. పలక మూసి చార్జీ అడిగాడు.

చెకింగాయనకి ఒళ్ళు మండిపోయింది. చెయ్యి పైకెత్తినందుకు చార్జీయా? ఆ లెక్కన తాను రోజుకి ఎన్నిసార్లు చెయ్యెత్తి బస్సులాపాడు! అతనే పోయినసారి కావాలని హ్యాండిల్ దించిపోయాడని, అది మళ్ళీ రావడానికి వేసుకున్న దారని అతనితోనే అనేశాడు. మెకానిక్ ఏదో అనబోయి, ఈయన మొహం చూసి, సంచి భుజాన వేసుకున్నాడు.

ఇలా ఈయన దొంగని వెతుకుతుంటే, అక్కడ ఆవిడ మోకాళ్ళు మళ్ళీ మొదటికొచ్చాయి. టబ్ పాడైన ప్రతిసారీ మెకానిక్ వచ్చేదాకా వేడినీళ్ళు లేవు. ఆవిడ మళ్ళీ గోడ పట్టుకుంది. ఒకరోజు మెట్ల మధ్యలో ఆగి, కిందికీ రాలేక పైకీ పోలేక కాసేపు నిలబడి, అక్కడినుంచే నెమ్మదిగా చెప్పింది.

"ఇంకోసారి ఆగిపోతే నేను చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతాను. వాళ్ళ వీధిలో వేడినీళ్ళ కొలను ఉంది."

"ఎన్నాళ్ళు?"

"ఈ కాళ్ళు ఎన్నాళ్ళంటే అన్నాళ్ళు."

చెకింగాయన ముందు మరదల్ని అనుమానించాడు. తర్వాత మరదలికీ మెకానిక్‌కీ ఏమైనా చుట్టరికం ఉందా అని కూడా ఆలోచించాడు. కానీ అనుమానాలన్నిటి అడుగునా ఉన్నది భయం. ఆవిడ లేని ఇల్లు ఎలా ఉంటుందో ఒక్కసారి కళ్ళముందు కనిపించింది. ఎవరి సంచీ తిరిగిరాని గుమ్మం, ఎవరూ ఎదురు చెప్పని వంటగది. 

ఇక లాభం లేదని వల పన్నాడు. తర్వాత మళ్ళీ నీళ్ళు కారడం మొదలై మెకానిక్ వచ్చినప్పుడు, ప్రయాణం ఈ ఒక్కసారికి ఆపుకోమని భార్యని బతిమాలి, రిపేరు అయ్యేదాకా పక్కనే నిలబడ్డాడు. పలక మూయగానే దాని అంచుల పొడవునా కాగితం ముక్కలు అంటించాడు. ప్రతి ముక్క మీదా సగం పలక మీదికి, సగం టబ్ మీదికి వచ్చేలా సంతకం చేసి, కలం మెకానిక్‌కి ఇచ్చాడు.

"నువ్వూ చెయ్యి. ఈసారి పాడైతే ఈ కాగితాలు నువ్వే చింపాలి. లోపల ఎవరూ చెయ్యి పెట్టలేదని నువ్వే ఒప్పుకోవాలి. అప్పుడు చూద్దాం తప్పెవరిదో."

మెకానిక్ కాగితాల వంక చూశాడు. గూట్లో ఉన్న పైపు రెంచి వంక చూశాడు. సంతకం చేశాడు.

"మంచి పని సార్. ఇది ముందే చెయ్యాల్సింది."

అంటూ నవ్వాడు. ఆ నవ్వులో ఏముందో తేల్చుకోలేక చెకింగాయన చాలారోజులు తలబద్దలు కొట్టుకున్నాడు.

అసలు కష్టం అప్పుడు మొదలైంది. లోపల రింగు మార్చాడో లేదో చూడాలని చేతులు దురద పెట్టేవి. స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని టబ్ చుట్టూ తిరిగేవాడు. కానీ కాగితం మీద ఉన్నది తన సంతకం. ఒకరు వేసిన సీలు చింపడం ఆయన జన్మలో ఎరగడు. తను వేసింది ఎలా చింపుతాడు? రేపు ఆగుతుంది, ఎల్లుండి ఆగుతుంది, దొంగ దొరుకుతాడు అని కాచుకుని కూర్చున్నాడు. వానలొచ్చాయి, వెళ్ళాయి. నీళ్ళు వేడిగానే ఉన్నాయి. ఆవిడ మెట్లు దిగుతోంది, ఎక్కుతోంది. కొట్టుకి వెళ్ళి దారిలో ఇద్దరితో మాట్లాడి మరీ వస్తోంది. ఇంట్లో సంతోషంగా లేనిది ఈయనొక్కడే.

ఒక పొద్దున ఆవిడ టబ్‌లో కళ్ళు మూసుకుని కూర్చుని ఉంటే, ఈయన పక్కన స్టూలు మీద కూర్చుని కాగితాల వంకే చూస్తున్నాడు. అవి చెమ్మకి కాస్త ఉబ్బాయి గానీ ఎక్కడా చిరగలేదు. ఎవరూ విప్పలేదు. ఎవరూ విప్పనన్నాళ్ళూ పాడవలేదు. మరి పాడైనప్పుడల్లా ఎవరు విప్పారు? బస్సులో ప్రయాణికుణ్ణి అడిగినట్టు తనని తానే అడిగాడు: ఎక్కడెక్కావు, ఎక్కడ దిగావు, మధ్యలో ఏం చేశావు?  తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా కూర్చుండిపోయాడు.

ఆ రోజే సర్వీసు సెంటరుకి ఫోన్ చేశాడు. మెకానిక్ వచ్చి, కాగితాలు అలాగే ఉండడం చూసి, ఏం పాడైందని అడిగాడు. ఏమీ పాడవలేదన్నాడీయన. ఇప్పుడు మెకానిక్‌కి అనుమానం పట్టుకుంది. వసారా అంతా కలయజూసి, గుమ్మం వైపు రెండడుగులు వెనక్కి వేశాడు.

"మరెందుకు పిలిచారు సార్? విజిటింగ్ చార్జీ పడుతుంది."

"పడనీ. ఒక్క మాట అడగాలి. పాడుచేసింది నేనేనా?"

మెకానిక్ సంచి కింద పెట్టాడు. "రెండోసారికే తెలిసింది సార్. ఆ నట్టు నేను చేత్తో బిగిస్తాను. దాని మీద రెంచి పళ్ళు పడి ఉన్నాయి. అంత బిగిస్తే రింగు నలిగిపోతుంది."

"మరి చెప్పలేదేం?"

"చెబితే నమ్మేవారా? హ్యాండిల్ దించింది కూడా నేనేనన్నారు." సంచి సర్దుకుంటూ, తలెత్తకుండా ఇంకో మాట అన్నాడు. "నాకూ సంసారం ఉంది సార్. పిలిచినప్పుడల్లా వచ్చాను."

చార్జీ తీసుకుని వెళ్ళిపోయాడు. ఈయన గొణగలేదు. వెనక్కి తిరిగితే వంటగది గుమ్మంలో భార్య నిలబడి ఉంది. అన్నీ విన్నది.

"నాకూ తెలుసు. అతను వెళ్ళిన ప్రతిసారీ ఆ రెంచి తడిగా ఉండేది," అంది.

"నువ్వైనా చెప్పొచ్చుగా."

ఆవిడ వచ్చి స్టూలు మీద కూర్చుని మోకాళ్ళు రాసుకుంది.

"ఇన్నేళ్ళూ నా సంచి విప్పి చూశారు. ఒక్కనాడైనా ఏమైనా దొరికిందా?"

"లేదు."

"దొరకలేదని ఒక్కనాడైనా నాతో అన్నారా? బస్సులో ముక్కూమొహం తెలియనివాళ్ళకి టికెట్టు చూసి తిరిగిచ్చేవారు, కూర్చోమనేవారు. నన్ను ఎప్పుడూ నిలబెట్టే ఉంచారు."

అంతకంటే గట్టిగా తిట్టినా ఆయనకి అంత తగిలేది కాదు.

రెండ్రోజులు పోయాక ఆవిడ, చెల్లెల్ని చూసొస్తానంది. టబ్ బాగానే ఉందిగా అన్నాడీయన. టబ్ కోసం కాదులెండి అందావిడ. మంచం మీద సంచి సర్దిపెట్టి, జిప్పు వేసి, తల దువ్వుకోవడానికి లోపలికి వెళ్ళింది. ఎన్నాళ్ళకో చెప్పలేదు. చలికాలం శాలువా అందులో పెట్టుకుందంటే ఇప్పట్లో రానట్టే. లేదంటే వారం రోజుల ముచ్చట. జిప్పు ఒక్క జానెడు లాగితే తెలిసిపోతుంది. చెకింగాయన మంచం పక్కన నిలబడ్డాడు. లోపల దువ్వెన చప్పుడు వినిపిస్తోంది. ఆయన రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు. ఆవిడ బయటికి వచ్చేదాకా అలాగే ఉన్నాడు.

బస్టాపు దాకా సంచి ఆయనే మోశాడు. దారి పొడవునా ఆవిడ గోడ పట్టుకోలేదు. బస్సు ఇంకా రాలేదు. ఆవిడ బెంచీ మీద కూర్చుంది. ఈయన సంచి చేత్తో పట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు.

"బరువు తూచారా?" అని అడిగింది.

"లేదు," అన్నాడు. అబద్ధం. వీధి మలుపు దాటేలోపే తూచాడు. ఏమీ తేలలేదు.

"విప్పారా?"

"లేదు."

ఆవిడ చెయ్యి చాచింది. ఈయన సంచి ఇచ్చాడు. జిప్పు ఎక్కడ వదిలిందో అక్కడే ఉందో లేదో వేలితో తడిమి చూసింది. ఆయన మొహం చూసింది. తీరిగ్గా, పైనుంచి కిందిదాకా, ఆయన ఇన్నేళ్ళూ చూసిన చూపే.  ఏ తప్పూ చెయ్యకపోయినా, చూపించుకోవలసి వస్తే ఎలా ఉంటుందో ఆయనకి అప్పుడు తెలిసింది.

"వచ్చేవారం ఈ బస్సుకే వస్తాను. సంచి బరువుగా ఉంటుంది, ఇక్కడికి రండి," అంది. తర్వాత సంచి ఒళ్ళోకి తీసుకుని, కాస్త పక్కకి జరిగి, బెంచీ మీద చోటిచ్చింది.

"సరే, కూర్చోండి."