యేసుపాదం గారి పాటకు నేను పెట్టిన శ్రుతి

కరోనా తగ్గి, మూతపడిన స్టూడియోను మళ్ళీ తెరిచిన ఏడాది అది. తిరుపతిలో, తిరుచానూరు రోడ్డున, పూలకొట్టు పైన ఒకే గది. కిటికీలకు పాత పరుపులు అడ్డం కట్టి రికార్డింగు చేసేవాణ్ణి. గోవింద నామాలైనా, చర్చి పాటలైనా, ఎవరొచ్చినా కాదనేవాణ్ణి కాదు. అప్పటికి పద్దెనిమిదేళ్ళుగా అదే పని. అపశ్రుతి నా చెవి దాటిపోదని కాస్త పొగరు కూడా ఉండేది.

ఐరాల దగ్గరి పల్లె నుంచి యేసుపాదం గారిని కూతురు సుగుణ తీసుకొచ్చింది. ముప్పై ఏళ్ళుగా ఆయన వాళ్ళ చర్చిలో గిటారు వాయిస్తూ పాడేవాడట. గొంతులో గడ్డ లేచింది. వచ్చే వారమే ఆపరేషన్. ఆ తర్వాత మాట రావడమే అనుమానమని డాక్టర్లు చెప్పారు.

"మా నాయన సొంతంగా కట్టిన పాటన్నా. ఆయన పాడలేకపోయినా ఆదివారాలు ఇది పెట్టుకుని అందరం పాడతాం. బాగా చేసియ్యన్నా," అంది.

గిటారు ట్యూన్ చేయబోతే పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టాడు. "ముట్టుకోవద్దప్పా, సరిగ్గానే ఉండాది."

నాకు చిర్రెత్తింది. శ్రుతి చూపే మీటరులో తీగలన్నీ కిందికే చూపిస్తున్నాయి! జబ్బు మనిషితో వాదనెందుకని అలాగే రికార్డు చేశాను. పిచ్ కరెక్షన్ ఉందిగా! స్వరం కాస్త జారితే, దగ్గరలో ఉన్న సరైన స్వరానికి జరిపే సాఫ్ట్‌వేర్ అది.

వాళ్ళు వెళ్ళాక గొంతుకూ గిటారుకూ ఆటోమేటిక్‌గా పెట్టి విన్నాను. ఓరి దేవుడా! ఒక స్వరం పైకి లేస్తే పక్కది కిందికి దిగబడింది. గొంతుదొక దారి, గిటారుదొక దారి. దిద్దకముందు వింటే రెండూ చక్కగా కలిసే ఉన్నాయి. తప్పుగా ఉన్నది బాగుండటమేమిటి, సరిచేసింది చెడటమేమిటి? సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్ళీ వేశాను. కేబుళ్ళు మార్చాను. నా చెవులే పోయాయేమోనని భయపడి మా ఆవిడకు వినిపించాను.

"ఏందిది, ఇద్దరు కొట్లాడుకుంటా ఉండారా?" అంది.

రెండు రోజులు అన్నం సయించలేదు. మూడోనాడు సిగ్గు చంపుకుని సుగుణకు ఫోన్ చేశాను. "అమ్మా, మీ నాయన గిటారును దేనికి శ్రుతి చేస్తాడు?"

"చర్చి హార్మోనియానికన్నా. మా తాత కాలంది. మా ఊర్లో అందరూ దానికే పాడేది."

చర్చికి పోయి ఒక్క మెట్టు నొక్కి ఫోనులో వినిపించమన్నాను. విని తల బాదుకున్నాను. ఆ హార్మోనియం మా కీబోర్డులో పక్కపక్కనున్న రెండు మెట్లకు సరిగ్గా నడుమ పలుకుతోంది. ఎటు లాగాలో తెలియక సాఫ్ట్‌వేర్ కొన్ని స్వరాలను పైకీ, కొన్నింటిని కిందికీ లాగేసింది. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఇంకో దారి అంటారే, ఆ ఉలిపికట్టె నా మీటరే!

సాఫ్ట్‌వేర్‌లో రెఫరెన్స్ పిచ్, అంటే స్వరాలన్నింటికీ ఆధారంగా పెట్టుకునే శ్రుతి, ఆ హార్మోనియానికి దించాను. ఇక దిద్దడానికి మిగిలింది ఒక్కటే చోటు. చివరి చరణంలో నొప్పికి గొంతు కొంచెం దిగింది. మౌస్ దాని మీద పెట్టాను గానీ జరపడానికి చేతులు రాలేదు. ఆపరేషన్‌కు ముందురోజు పాట పంపేశాను.

ఆయనకు మాట తిరిగి రాలేదు. మూడు నెలల తర్వాత సుగుణ పిలిస్తే ఒక ఆదివారం వాళ్ళ చర్చికి వెళ్ళాను. పాట పెట్టారు. హార్మోనియం కలిసింది, అందరూ అందుకున్నారు. పెద్దాయన గిటారు తీసుకుని తన గొంతుకు తానే వాయించాడు. నాకు ఏడుపు ఆగలేదు. చివరి చరణంలో ఆయన గొంతు దిగిన చోట, చంటిపిల్లల తల్లులతో సహా అందరూ ఆయనతోపాటే దిగారు.

ఇప్పుడు ఎవరొచ్చినా, మీటరు చూడకముందే, "ఈ శ్రుతి యాడ పట్టినారప్పా?" అని అడుగుతాను. ఆ ఒక్క స్వరం తప్పో ఒప్పో మాత్రం, ఇన్నేళ్ళ చెవి పెట్టుకుని కూడా, నాకింతవరకూ తేలలేదు.