ఫుల్ అంటే బొజ్జ తడిమి చూసేది మా పండు

పండూ... నీ చిన్నప్పుడు మార్టూరులో గుంటూరు బస్సు ఎక్కాం, గుర్తుందా... నా కొంగు పట్టుకుని జనం మధ్య నలిగిపోతున్నావు. "జరగండమ్మా, లోపలికి జరగండి, బస్సు ఫుల్!" అని కండక్టరు అరుస్తున్నాడు. మన దగ్గరికొచ్చి "ఒక ఫుల్లు, ఒక హాఫ్" అంటూ టికెట్లు చించాడు.

నీకు కోపం వచ్చింది. "నన్ను హాఫ్ అంటాడేందమ్మా? నేను మనిషిని కాదా?"

చుట్టూ ఉన్నవాళ్ళు ఒకటే నవ్వు. కండక్టరు నీ బుగ్గ గిల్లి, "అన్నం బాగా తిను తల్లీ, నువ్వూ ఫుల్లవుతావు" అన్నాడు.

పండు నా కూతురండి. చదివే మీకు తెలీదు గదా... నేను మూడో తరగతి దాకా చదివాను. ఫోనులో రాయడం ఇప్పుడిప్పుడే వస్తోంది. తప్పులుంటే సర్దుకోండి.

ఆ రోజు నుంచి ఇంట్లో నీకు ఆ ఫుల్ ఒక్కటే ఇంగ్లీషు ముక్క. బిందె నిండితే ఫుల్. మిరపకాయలు తొక్కి గోతాం కుడితే ఫుల్. మీ నాన్న పండక్కి కుట్టించుకున్నది ఫుల్ చేతుల చొక్కా. సాయంత్రం గుడ్డిగా వెలిగే బల్బు ఒక్కసారి తెల్లగా వెలిగితే "ఫుల్లొచ్చిందమ్మా!" అని గంతులు... పక్కింటి మామ తాగి వీధిలో అరుస్తుంటే ఎవరో "ఫుల్లుగా వేశాడు" అన్నారు. నువ్వు ఆలోచించి ఆలోచించి, "ఫుల్లయితే నిద్రొస్తది గదా, అరుస్తాడేంది?" అన్నావు.

మాది కూలి బతుకు. మిరపకోతలు వస్తే పొద్దున్నే ట్రాక్టరెక్కి చేలకు పోవాల్సిందే. కాయ తుంచీ తుంచీ సాయంత్రానికి చేతులు భగభగ మండేవి. మజ్జిగ పూసినా, కొబ్బరినూనె రాసినా ఆ మంట తగ్గదు. మా వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు... కోతలకు పోయే తల్లి బిడ్డకు అన్నం కలిపి పెట్టదు.

ఒకసారి, సబ్బుతో తోమి తోమి కడిగాను గదా అని పప్పన్నం కలిపి నీ నోట్లో ముద్ద పెట్టాను. మూతి మండి ఏడుపు అందుకున్నావు. ఆ గాభరాలో నీ కళ్ళు తుడిచాను... చేలో కట్టుకున్న చీర కొంగుతోనే. ఆ కొంగు నిండా మిరప ఘాటే గదా. ఇక చూడు... నీ కళ్ళు కడుగుతూ నేనూ ఏడ్చాను.

మర్నాడు సాయంత్రం నేను చేలోంచి వచ్చేసరికి నువ్వే కంచం ముందేసుకుని కూర్చున్నావు. ప్రార్థన చేశావు... ఒక కన్ను తెరిచి నన్నే చూస్తూ. "నీ చేతులు మండుతుంటయ్ గదా. నోరు తెరువు" అన్నావు.

నీ గుప్పెడెంత... ముద్దలో సగం మళ్ళీ కంచంలోనే రాలేది. ఆ కంచంలో ఉండేది కొంచెమే. నీకు మిగలాలని రెండు ముద్దలకే "చాలమ్మా, ఫుల్" అనేదాన్ని.

నువ్వు నమ్మితే గదా. ఎంగిలి చెయ్యి పక్కకు పెట్టి, ఎడం చేత్తో నా బొజ్జ తడిమేదానివి. "అబద్దం. ఇక్కడ గుంటుంది. ఫుల్ కాలా. తెరువు నోరు!"

పక్కింటి మరియమ్మ వదిన చూసి, "నీకు పుట్టింది కూతురు కాదే, అత్త!" అని ఎగతాళి చేసేది. ప్రతి కోతలకూ అదే వరస. పెద్దదానివయ్యాకా అదే...

తర్వాత ఇంటర్‌కి గుంటూరు పోయావు. బ్రాడీపేటలో హాస్టలు. ఆదివారం మన ఊరి కొట్టు ఫోనుకు చేసేదానివి. తిన్నావా అంటే, "ఫుల్ మీల్స్ అమ్మా!" అనేదానివి. ఫోనులోంచి నీ బొజ్జ ఎట్టా తడమను...

ఆ వానల్లో జ్వరం పట్టుకుంది. ముందు పోయిన ఆసుపత్రిలో "బెడ్లు ఫుల్లమ్మా, ఇంకోచోట చూసుకోండి" అన్నారు. నువ్వు నా భుజం మీద తల వాల్చి, సన్నగా నవ్వి, "బస్సు కండక్టరు లాగా అంటాడేందమ్మా" అన్నావు. ఆ జ్వరంలో కూడా...

ఇంకోచోట మంచం దొరికింది. అవి కోతల రోజులు కాదు. నా చేతులు చల్లగా ఉన్నాయి. మజ్జిగన్నం మెత్తగా పిసికి నోట్లో పెట్టాను. కష్టంగా మింగి, "ఫుల్ అమ్మా" అన్నావు.

నీ బొజ్జ తడిమాను. "అబద్దం. ఇక్కడ గుంటుంది పండూ" అన్నాను.

నవ్వావు. నా కోసం ఇంకొక్క ముద్ద తిన్నావు. నా చేత్తో నీకు పెట్టిన ఆఖరు ముద్ద అదే... నీకు ఫుల్ టికెట్టు తీయడం మొదలుపెట్టి ఎన్నాళ్ళయిందని తల్లీ...

ఇప్పుడు మా ఊళ్ళో కోతలకు పోయే ఆడపిల్లలు కొందరు చేతులకు తొడుగులు వేసుకుంటున్నారు. ఇంటికొచ్చి పిల్లలకు అన్నం కలిపి పెడుతుంటే చూస్తాను. సంతోషంగానే ఉంటుంది... నేను కంచం ముందు కూర్చుంటే రెండు ముద్దలకే చాలనిపిస్తుంది. చాలు అని లేచిపోతాను. అబద్దం అనేవాళ్ళు లేరు.

మీకు చిన్నప్పుడు ఎవరు కలిపి పెట్టేవాళ్ళో కింద రాయండి. కూడబలుక్కుంటూ అయినా అన్నీ చదువుతాను.

తిన్నావా అని అడిగే మనిషి ఇంకా మీకుంటే, ఉత్తినే ఫుల్ అనకండి.

పొద్దుపోకముందే, కడుపునిండా అన్నం తినండి.